యర్రగొండపాలెం చారుకి ఎన్ని మార్కులు?

చెన్నకేశవరావు పుట్టడమే కుదురుగా పుట్టలేదంట. మార్కాపురంలో వాళ్ళమ్మకి నొప్పులు మొదలైనాయని మంత్రసానికి కబురు పెడితే, ఆమె చెప్పులేసుకొని వచ్చేలోపలే ఈయన బయటికొచ్చి కేకలు పెడతా ఉండినాడంట. "ఆగమంటే ఆగే రకం కాదమ్మా ఈడు" అని మంత్రసాని, చెయ్యని పనికి చీర తీసుకొని పోయింది. ముప్పై మూడేళ్ళొచ్చినా ఆమె మాట తప్పు పోలేదు.

వాళ్ళది పలకల దుకాణం. గనిలో నల్లరాయి తవ్వి, పొరలు పొరలుగా చీల్చి, నున్నగా రుద్ది, చుట్టూ కర్రచట్రం బిగించి అమ్మడం. వాళ్ళ నాయన గల్లాపెట్టె ముందు కూర్చుంటే పొద్దుగూకేదాకా లేచేవాడు కాదు, పరుపు మీద ఆయన ఆకారం అచ్చుగుద్దినట్టు పడేది. కొడుకు కూర్చుంటే పరుపుకి విషయం తెలిసేలోపలే లేచేవాడు. బేరానికొచ్చినోళ్ళు "శెట్టిగారబ్బాయి యాడ?" అని అడిగితే, పక్క అంగడోడు "ఇప్పుడే ఇట్ల పోయినాడు, ఇప్పుడే అట్ల వచ్చినాడు, మళ్ళీ ఇట్ల పోయినాడు" అని చెయ్యి తిప్పి చూపించేవాడు.

కాలం గూడా అట్లాంటిదే. మద్రాసు నుంచి విడిపోయి రాష్ట్రం వచ్చింది. కర్నూలు రాజధాని అన్నారు, గుడారాలేసినారు. మూడేళ్ళకే అది లేచి హైదరాబాదు పోయింది.

"రాజధానే ఒకచోట కూచోలేకపోయింది, నన్ను కూచోమంటావేంది నాయనా?" అన్నాడు చెన్నకేశవరావు.

కొత్త రాష్ట్రం పుణ్యమా అని ఊరూరా బడులు పెడతా ఉండినారు, బడి అన్నాక పలకలు కావాల. "సరే, తిరుగు. తిరిగి ఆర్డర్లు పట్టుకొని రా" అని నాయన సంచీ ఇచ్చి పంపించినాడు. ఎద్దుకి గడ్డిమేటు చూపించినట్టయింది. గిద్దలూరు, కంభం, అర్ధవీడు, పుల్లలచెరువు, యర్రగొండపాలెం, దొరికిన బస్సు ఎక్కి, దొరకని చోట లారీ ఎక్కి, అదీ లేని చోట ఎవరిదో బండెనక నడిచి తిరగడం మొదలుపెట్టినాడు.

తిరిగేవాడికి బయటి తిండి తప్పదు. బయట తినేవాడికి నోరు ఊరుకోదు. చెన్నకేశవరావు హోటళ్ళకి మార్కులెయ్యడం పట్టినాడు. అన్నిటికీ కాదు, చారుకి మాత్రమే.

"కూరదేముంది, ఇంత నూనె పోస్తే ఏ కూరైనా పెళ్ళికొడుకు మాదిరి మెరుస్తాది. చారుకి దాక్కునే చోటు లేదు" అనేవాడు.

ఆయన తినే పద్ధతి చూడ్డానికి జనం తినడం ఆపేవాళ్ళు. అన్నం గిన్నె పట్టుకొని వడ్డించేవాడొస్తే చెయ్యి అడ్డం పెడతాడు. ముందు చారు. రెండు చేతులూ దోసిలి పడతాడు. పోసినాక ఒక్కటే జుర్రు, ఆ జుర్రు వీధి అవతల వినపడాల. కళ్ళు మూసుకుంటాడు. మోకాలు ఆడిస్తాడు. హోటలోడు గరిటె పట్టుకొని బిగదీసుకొని నిలబడతాడు. అప్పుడు సంచీలోంచి చట్రం ఊడిన పలకముక్క ఒకటి తీసి, బలపంతో పదికి ఇన్నని రాసి, కింద సంతకం గెలికి, ఎదురుగ్గా కనపడే మేకుకి తగిలించి వస్తాడు.

ఎవురు అడిగినారు ఈయన్ని? ఎవురూ అడగలేదు. అయినా పల్లెటూళ్ళనుంచి కోర్టు పనికో సంతకో వచ్చినోళ్ళు ముందు పలక చూసి తర్వాత చెప్పులు విప్పడం అలవాటైంది. గిద్దలూరు స్టేషను పక్క హోటలాయన తనకొచ్చిన నాలుగుని గోడవైపుకి తిప్పిపెట్టినాడు. జనం మెడ దూర్చి వెనక చూసేవాళ్ళు. కంభంలో ఒకాయన మూడు పక్కన తనే ఒక సున్నా చుట్టుకున్నాడు. పదికి ముప్పై! పుల్లలచెరువులో మాత్రం అంకె వెయ్యలేదు. ఆ నీళ్ళకి కందిపప్పు మూడు గంటలు ఉడికినా గింజ గింజలాగే ఉంటాది, వంటాయన చేసేదేముంది? పలక మీద 'నీళ్ళు' అని ఒక్క మాట రాసి వచ్చినాడు.

హోటళ్ళకంటే చాలా ముందే, ఇంట్లో గూడా ఒకసారి మార్కులేసినాడు. పెళ్ళైన మూడోరోజు, పెళ్ళాం విశాలాక్షి చారుకి అయిదు. ఆ తర్వాత పదకొండేళ్ళలో ఆమె చారు పెట్టలేదు. అడిగితే "అయిదు మార్కుల మనిషిని, నాకెందుకండీ" అని మజ్జిగ పోసేది.

ఇన్ని ఊళ్ళలో తొమ్మిది వచ్చింది ఒక్కరికే. యర్రగొండపాలెం నాగమల్లేశ్వరికి.

నాగమల్లేశ్వరిది పూటకూళ్ళ ఇల్లు. మొగుడు పోయి పన్నెండేళ్ళు, అప్పట్నుంచీ ఆ పొయ్యే ఆమెకి మొగుడూ బిడ్డా. ఊరి బావి నీళ్ళు చౌడు గాబట్టి, అడివి అంచున వాగుచెలమ నుంచి యల్లయ్య అనే ఆయన రోజూ ఎద్దులబండి మీద పీపా కట్టుకొని మంచినీళ్ళు తెచ్చి పోసేవాడు. ఆ నీళ్ళతో కాచిన చారు తాగితే, చెన్నకేశవరావు మాటల్లో, "చెవులు గూడా చల్లబడతాయి." ఆమె గోడ మీద ఆయనేసిన పలకలు ఏడుండాయి. అన్నీ తొమ్మిదే. పండక్కి దేవుడి పటాలతో పాటు వాటికీ పసుపు రాసేది.

అయితే ఎదురు వరసలో సంజీవరావని ఒకాయన కొత్తగా హోటలు పెట్టినాడు. బల్లలు, కుర్చీలు, గోడకి అద్దం. జనానికి పీట మీద కూర్చుంటే మోకాళ్ళు నొప్పులని అప్పుడే గుర్తొచ్చింది. నాగమల్లేశ్వరి ఇంట్లో విస్తళ్ళు తగ్గినాయి.

అట్లాంటప్పుడు మార్కాపురం కోటేశ్వర్లు, బస్సుల ఓనరు, మాచర్లకి కొత్త సర్వీసు తెచ్చుకున్నాడు. మధ్యాన్నం యర్రగొండపాలెంలో అరగంట భోజనాలకి ఆపుతారు. బస్సు ఎవరి వాకిట్లో ఆగితే వాళ్ళకి ముప్పై విస్తళ్ళు. రెండు హోటళ్ళవాళ్ళూ కోటేశ్వర్లు చుట్టూ తిరిగినారు. ఆయనకి విసుగొచ్చి చెన్నకేశవరావుని పిలిపించినాడు.

"ఒరే కేశవా, మొన్న గిద్దలూరులో ఒకడు నా బస్సులో అన్నం కక్కినాడు. నాకు అద్దాలొద్దు, పీటలొద్దు. రేపు ఖాళీ బస్సు ట్రయలుకి పోతాది. నువ్వుగూడా పో. రెండు చోట్లా తాగు. ఎవరికి మార్కులెక్కువొస్తే బస్సు ఆడ ఆగుతాది. నీ నాలుక మాటే ఫైనలు."

చెన్నకేశవరావుకి ఆ పొద్దు నిద్ర రాలేదు. నాలుక మాటే ఫైనలు! చుట్టరికం లేకపోయినా అల్లుడా అని పిలిచే నాగమల్లేశ్వరి పోయిన నెలలోనే చెప్పింది: "బస్సు ఆగితే నా పొయ్యి ఉంటాది అల్లుడా. లేకపోతే మూత పెట్టి అర్ధవీడు పోయి, మా మరిది ఇంట్లో అంట్లు తోముకుంటా బతకాల." ఆ మాట గుర్తొచ్చి లేచి కూర్చున్నాడు. మళ్ళీ పడుకున్నాడు. మళ్ళీ లేచినాడు. "దోమలా?" అని అడిగింది విశాలాక్షి. "బాధ్యతే" అన్నాడు.

తెల్లారి బస్టాండుకొచ్చినాడు. బస్సు బయల్దేరడానికి గంట టైముంది. ఆ గంటే కొంప ముంచింది. కిళ్ళీ అంగట్లో నిలబడి, వచ్చేవాడికి పోయేవాడికి "ట్రయలుకి పోతున్నా" అని చెప్తా, తమలపాకుకి తనే సున్నం రాసుకున్నాడు. చెప్పిన ప్రతి మనిషికీ ఒకసారి వేలు సున్నపు కాయలోకి పోయింది. ఎంతమందికి చెప్పినాడో అన్ని పూతలు పడినాయి. ఆకు మడిచి నోట్లో వేసుకొని నాలుగు నములు నమిలేసరికి కళ్ళలో చుక్కలు కనపడినాయి. ఉమ్మినాడు. నీళ్ళు పుక్కిలించినాడు. అప్పటికే నాలుక బెల్లం ముద్ద మాదిరి ఉబ్బి, బొబ్బలు లేచినాయి.

బెల్లం నోట్లో వేసుకొని చూసినాడు. తీపి లేదు. ఉప్పు అడిగి వేసుకున్నాడు. మంట తప్ప ఏమీ లేదు.

"ఏంది శెట్టీ, ఎక్కుతావా?" అన్నాడు డ్రైవరు పేతురు. పేతురు మిషను దొరల జీపు తుడిచి తుడిచి డ్రైవరీ నేర్చుకున్న మనిషి, మాట తక్కువ, హారను ఎక్కువ.

చెన్నకేశవరావు ఆలోచించినాడు. నోరు పొక్కింది, రేపు పోతా అని చెప్పొచ్చు. చెప్తే? 'సున్నం రాసుకోడం తెలీనోడు చారుకి మార్కులేస్తాడంట' అని మార్కాపురం మార్కాపురమంతా నవ్వుతాది. "ఎక్కుతున్నా" అన్నాడు, అది "ఎగ్గుగున్నా" అని వచ్చింది.

ముందు సంజీవరావు హోటలు. సంజీవరావు గుమ్మం దాకా వచ్చి చెన్నకేశవరావుని కుర్చీలో కూర్చోబెట్టినాడు. పేతురికి వెనక పెరట్లో చెట్టుకింద విస్తరేసినారు. అంటరానితనం నేరమని చట్టం వచ్చిందని పేపర్లో పడింది గానీ, ఆ పేపరు సంజీవరావు హోటలుకి బజ్జీలు కట్టేదానికే వచ్చింది.

దోసిట్లో చారు పడింది. చెన్నకేశవరావు జుర్రినాడు. పొక్కిన నాలుక మీద సలసలా కాగే చారు! కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారినాయి.

"మిరియాలు నేనే దగ్గరుండి దంచించినా సార్" అన్నాడు సంజీవరావు, ఆయన గూడా కళ్ళొత్తుకుంటా.

రుచి తెలిస్తే గదా. పోయిన నెల ఈయనకి ఎంతేసినాడో గుర్తు తెచ్చుకున్నాడు. ఆరు. 'నెల రోజుల్లో చారేమన్నా ఎమ్మే పాసవుతాదా? ఆరే ఉంటాది' అనుకొని ఆరేసి తగిలించి, గబగబా రోడ్డు దాటినాడు. నోరు పొక్కిన సంగతి బయటపడకుండా ఉండాల, అది ముఖ్యం.

నాగమల్లేశ్వరి పీట వేసింది. ఎప్పుడూ ఎదురొచ్చి "రా అల్లుడా" అనే మనిషి ఆ పొద్దు గోడ చూస్తా నిలబడింది. ఏదో చెప్పబోయింది. ఈయన ఆగితే గదా! పీట మీద కూర్చోకముందే దోసిలి పట్టినాడు. ఆమె పోసింది. జుర్రినాడు. మళ్ళీ కళ్ళనీళ్ళు.

"తొమ్మిది!" అన్నాడు.

ఆమె చేతిలో గరిటె అట్లనే ఆగిపోయింది. "అల్లుడా, నిదానంగా తాగి చెప్పు. ఇంకోసారి పోస్తా."

రెండోసారి తాగినాడు. ఆమెకి ఇంకా ఎక్కువ కావాలేమో అనుకున్నాడు. "తొమ్మిదిన్నర!" అని పలక తీసి రాసేసినాడు.

బయట అరుగు మీద చారన్నం కలుపుకుంటా ఉన్న పేతురికి పొలమారింది. దగ్గు ఎంతకీ ఆగలేదు.

"నోరు తెరువు" అంది నాగమల్లేశ్వరి.

"ఎందుకత్తా?"

"తెరువు నాయనా."

తెరిచినాడు. ఆమె చూసింది. చూసి, పొయ్యి దగ్గరికి పోయి కూర్చుంది.

"యల్లయ్య బండి ఇరుసు విరిగింది. పొద్దుట్నుంచి ఒక్క చుక్క మంచినీళ్ళు రాలేదు. ఊరి బావి నీళ్ళతో కాచినా. పప్పు ఉడకలేదు. నేనే ఒక గుక్క తాగి ఉమ్మినా. నువ్వు రాగానే చెప్దామనుకుంటే నువ్వు చెప్పనిస్తివా?" అని, అరుగు వైపు తిరిగి, "పేతురూ, నువ్వు చెప్పు. పదికెంత?"

పేతురు చెయ్యి విస్తట్లోనే ఆగింది. బస్సు ఎంత స్పీడు పోతాదని అడిగినోళ్ళుండారు గానీ, చారెట్ల ఉందని ఆయన్ని అడిగిన హోటలు ఇంతవరకు లేదు. "నన్నెందుకమ్మా..."

"నీకు నాలుకుంది గదా, అందుకు."

పేతురు గొంతు సవరించుకున్నాడు. "రెండమ్మా. ఆ రెండుగూడా వేడిగా ఉన్నందుకు."

"ఎదురుగ్గా?"

"ఆడ ఏడియ్యొచ్చు. పుల్ల పుల్లగా బాగుండింది."

చెన్నకేశవరావు లేచినాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచినాడు. "అత్తా, ఈ సంగతి మన ముగ్గురికే తెలుసు. తొమ్మిదిన్నర ఉండనీ. రేపు బండి బాగవుతాది, చారు బాగుంటాది, బస్సు నీ వాకిట్లో ఆగుతాది. అర్ధవీడు పోయే పని లేదు. ఎవురికి నష్టం?"

"నాకు బస్సు కావాల" అంది నాగమల్లేశ్వరి. "దేవుడి మీద ఒట్టు, నాకు బస్సు కావాల. కానీ ఆ గోడ మీద ఏడు పలకలుండాయి. దాంట్లో ఏది తాగి వేసినావో, ఏది నోరు పొక్కి వేసినావో ఇప్పుడు నాకెట్ల తెలుస్తాది? బేరాలు లేని రోజుల్లో వాటిని చూసుకొనే పొయ్యి ముట్టించినా అల్లుడా."

"అవన్నీ నిజమేనత్తా! ఈ ఒక్కపొద్దే!"

"అయితే ఈ పొద్దుగూడా నిజమే రాయి."

ఆయన పలక మీద అరచెయ్యి ఆనించి రుద్దినాడు. తొమ్మిదిన్నర పోయింది. రెండు రాసినాడు. సంతకం పెట్టేటప్పుడు బలపం విరిగింది.

మార్కాపురం పోయేదాకా ఖాళీ బస్సులో ఆ చివరనుంచి ఈ చివరకి నడుస్తానే ఉండినాడు. "కూచో శెట్టీ, బస్సు ఒక పక్కకి లాగుతా ఉంది" అని పేతురు రెండుసార్లు అన్నాడు. కోటేశ్వర్లు ముందు నిలబడి, నాలుక చాపి, ఉన్నదున్నట్టు చెప్పినాడు. సంజీవరావుకి ఏడు, నాగమల్లేశ్వరికి రెండు, మార్కులు పేతురువి, నాలుక నాది కాదు అన్నాడు.

కోటేశ్వర్లు నవ్వి నవ్వి కుర్చీలోంచి జారినాడు. తర్వాత కళ్ళు తుడుచుకొని, "మాటంటే మాట. బస్సు సంజీవరావు దగ్గర ఆగుతాది" అన్నాడు.

ఊరు ఊరుకుంటాదా? కిళ్ళీ అంగడి ముందునుంచి పోతే "శెట్టీ, సున్నం తక్కువెయ్యమంటావా, రెండు మార్కులకి సరిపోనూ ఎయ్యమంటావా?" అనేవాళ్ళు. గిద్దలూరు హోటలాయన నాలుగుని తీసి పొయ్యి కింద పెట్టినాడంట. ఇంట్లో విశాలాక్షి మాత్రం ఏమీ అనలేదు. పదకొండేళ్ళ తర్వాత చారు కాచి, ఆయన ముందు పెట్టి, "ఇప్పుడు తాగండి, ధైర్యంగా ఉంటాది నాకు" అంది.

ఇవన్నీ ఆయన ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేనిది ఒక్కటే, యర్రగొండపాలెంలో పొయ్యి ఉందో ఆరిందో తెలియకపోవడం. దుకాణంలో ఎదురొచ్చిన ప్రతి పలక మీదా బలపంతో గీతలు గీసి చెరిపేవాడు. బస్సు మొదలైన వారానికి, నాలుక తోలు ఊడి కొత్తది వచ్చిన రోజున, చెప్పకుండా మాచర్ల బస్సెక్కినాడు.

బస్సు సంజీవరావు వాకిట్లో ఆగింది. సంజీవరావు ముప్పై విస్తళ్ళు పరిపించి చేతులు కట్టుకొని నిలబడినాడు. పేతురు దిగినాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. వెనక పెరటి వైపు పోలేదు. నేరుగా రోడ్డు దాటినాడు.

జనం దిగి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. త్రిపురాంతకంలో ఎక్కిన ముసలామె మూట చంకలో పెట్టుకొని, "నేను డ్రైవరు యాడికి పోతే ఆడికే. ఆయన లేకుండా బస్సు పోదు గదా!" అని వెనకాలే నడిచింది. ఆ మాటలో న్యాయం ఉంది. ఇక్కడ తింటా ఉంటే అక్కడ బస్సు కదిలితే ఎవుడు బాధ్యుడు? ఒకరెనక ఒకరు పాతిక మంది రోడ్డు దాటినారు. సంజీవరావు బల్లల దగ్గర మిగిలింది నలుగురైదుగురు, వాళ్ళుగూడా కిటికీలోంచి పేతురునే చూస్తా గబగబా మింగుతా ఉండినారు.

"వారం నుంచీ ఇదే తంతు సార్" అన్నాడు సంజీవరావు, చెన్నకేశవరావుతో. "ఏడు మార్కులు నాకు, విస్తళ్ళు ఆమెకి."

చెన్నకేశవరావు పరిగెత్తినట్టే పోయినాడు. నాగమల్లేశ్వరి ఇంట్లో పీటలు చాలక గోనెసంచులు పరిచినారు. యల్లయ్య బండికి కొత్త ఇరుసు పడింది, వాకిట్లో పీపా నుంచి నీళ్ళు కారతా ఉండినాయి. పేతురు అరుగు మీద లేడు. గడప లోపల, గోడ పక్కన, పీట మీద ఉండినాడు. ఎవరో పెద్దమనిషి దాన్ని చూసి గొణుక్కుంటా లేచి పోబోతే, నాగమల్లేశ్వరి చారు గిన్నె పట్టుకొనే, "పీట నాది, ఇల్లు నాది, పొయ్యి నాది. ఎదురుగ్గా కుర్చీలు ఖాళీగా ఉండాయి బాబూ, పోయి కూచో" అంది. ఆయన తలుపు దాకా పోయి, చారు వాసనకి ఆగి, మొహం అవతలికి తిప్పుకొని కూర్చున్నాడు.

"అత్తా" అన్నాడు చెన్నకేశవరావు.

ఆమె ఆయన్ని నోరు తెరవమని సైగ చేసి, చూసి, దోసిట్లో పోసింది. ఈసారి జుర్రు సన్నగా వచ్చింది. చింతపులుసు ముందు తగిలింది, వెనకాల మిరియం, అన్నిటికీ అడుగున చెలమ నీళ్ళ చల్లదనం. మోకాలు దానంతటదే ఆడింది.

"తొమ్మిదిన్నర. అమ్మతోడు, తొమ్మిదిన్నర."

"పేతురుని అడుగు" అంది ఆమె, పక్క విస్తరికి పోతా.

పేతురు చేతులు కడుక్కొని వచ్చి, "ఎనిమిది" అన్నాడు.

"ఎనిమిదా? నీకేమన్నా సున్నం తగిలిందా?"

"నాకు తగల్లేదు శెట్టీ. తిరగమాతలో కరివేపాకు మాడింది. చూసుకో."

"అది మాడడం కాదయ్యా, అది వేగడం!"

"వేగడమైతే పచ్చగుంటాది. ఇది నల్లగుంది."

"నల్లగుండాదా? యాడ నల్లగుండాదో చూపించు!"

ఇద్దరూ గిన్నె దగ్గర వంగి కరివేపాకు రెబ్బ వెతకడం మొదలుపెట్టినారు. అరగంట దాటి పది నిమిషాలైంది. బస్సులో కూర్చున్న ముసలామె డ్రైవరు సీట్లోకి చెయ్యి సాచి హారను పిసికింది.

"ఎనిమిదో తొమ్మిదో మాచర్లలో తేల్చుకోండి నాయనా, నాకు పొద్దుపోతా ఉంది!"

"ఎనిమిదిన్నర" అన్నాడు పేతురు, తువ్వాలు భుజానేసుకొని. "అంతకుమించి ఒక్క పిసరు గూడా ఇయ్యను." అని బస్సు వైపు నడిచినాడు. చెన్నకేశవరావు ఆయన వెనకాలే, మాచర్లలో తనకి పనేమీ లేకపోయినా, వాదించుకుంటా బస్సెక్కినాడు.